సృష్టి ఎలా మొదలైంది? హిందూ సంప్రదాయం ఇచ్చిన జవాబులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాలకడలి, శేషతల్పం, విష్ణువు నాభి నుంచి లేచిన తామర, ఆ తామరలో నాలుగు తలల బ్రహ్మ. సృష్టి అనగానే మనలో చాలామందికి ముందుగా కనబడే దృశ్యం ఇదే. అది మన పురాణాల్లో ఉన్నదే, అందమైనదే. కానీ దానికి ముందూ వెనకా ఋషులు, తార్కికులు, జ్యోతిష్కులు, కవులు ఇదే ప్రశ్న మీద తరతరాలుగా తలపడ్డారు. ఒకరి మాటను మరొకరు కాదన్నారు. ఆ వాదాన్ని వదిలేసి కథను మాత్రమే చెప్పుకుంటే మన వారసత్వంలో సగం చేజారిపోతుంది. అందుకే ఈ జవాబుల్లో కథల కంటే ప్రశ్నలకే ఎక్కువ చోటిచ్చాం.

హిందూ గ్రంథాల్లో సృష్టికి ఒకే కథ ఉందా?

లేదు. ఋగ్వేదం పదో మండలం ఒక్కదాన్నే తీసుకున్నా, ఒక సూక్తం బంగారు గర్భం నుంచి లోకం పుట్టిందంటుంది, ఒకటి విరాట్పురుషుణ్ణి హవిస్సుగా చేసిన యజ్ఞం నుంచి అంటుంది, మరొకటి తపస్సు వేడి నుంచి ఋతం (విశ్వనియమం), సత్యం పుట్టాయంటుంది. విశ్వకర్మ సూక్తం ఇంకా ముందుకు వెళ్ళి, ద్యావాపృథివులను, అంటే ఆకాశాన్నీ భూమినీ చెక్కడానికి వాడిన కలప ఏ అడవిది, ఏ చెట్టుది అని నిలదీస్తుంది. ఉపనిషత్తులకు వస్తే తైత్తిరీయం ఆకాశంతో మొదలుపెడుతుంది, ఛాందోగ్యం తేజస్సుతో మొదలుపెడుతుంది.

ఇన్ని తేడాలు పూర్వులకు తెలియక కాదు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఈ విషయాన్ని నేరుగా ఎత్తుకుని, సృష్టిక్రమం చెప్పడం శ్రుతికి అసలు ఉద్దేశం కాదు, ఆ క్రమం ద్వారా మూలమైన బ్రహ్మాన్ని చూపించడమే ఉద్దేశం అని తేల్చారు. ఆయనకు ముందువారైన గౌడపాదులు మాండూక్యకారికల్లో మరీ సూటిగా చెప్పారు: మట్టి, లోహం, నిప్పురవ్వలు అంటూ సృష్టిని రకరకాలుగా చెప్పినవన్నీ మనసుకు ఎక్కించడానికి వాడిన ఉపాయాలే. ఈ మాట తెలిశాక ఏ కథ నిజం, ఏది అబద్ధం అనే తగువు చాలావరకు తగ్గుతుంది.

నాసదీయ సూక్తం గురించి అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

ఋగ్వేదం పదో మండలంలో 129వ సూక్తం. ఏడే ఏడు మంత్రాలు. "నాసదాసీన్నో సదాసీత్తదానీం" అని మొదలవుతుంది. అప్పుడు లేనిదీ లేదు, ఉన్నదీ లేదు. అంతరిక్షం లేదు, దాని పైనున్న వ్యోమమూ లేదు. దేన్ని ఏది కప్పింది? ఎక్కడ? ఎవరి రక్షణలో? "అంభః కిమాసీద్గహనం గభీరమ్", లోతు తెలియని నీళ్ళేమైనా ఉన్నాయా?

మొదటి మంత్రంలోనే ఇన్ని ప్రశ్నలు. రెండో మంత్రంలో మృత్యువు లేదు, అమృతత్వమూ లేదు, రాత్రికీ పగటికీ గుర్తు లేదు. ఆ ఒక్కటి మాత్రం గాలి లేకుండానే తన శక్తితో తాను శ్వాసించింది. మూడో మంత్రంలో చీకటిని చీకటే కప్పి ఉంది, తపస్సు మహిమ వల్ల ఆ ఒక్కటి పుట్టింది. నాలుగో మంత్రంలో కామం వస్తుంది, మనస్సుకు మొదటి బీజంగా. ఇక్కడిదాకా ఋషి ఏదో చెప్పబోతున్నాడనిపిస్తుంది. అయిదో మంత్రంలో ఆ చీకటికి అడ్డంగా ఒక రేఖ చాచి, పైన ఏముంది, కింద ఏముంది అని వెతుకుతాడు. ఆరో మంత్రంలో ఒక్కసారి వెనక్కి తిరిగి, అసలు ఇది ఎవరికి తెలుసు, ఎవరు చెప్పగలరు, దేవతలు కూడా సృష్టి తరవాత వచ్చినవాళ్ళే కదా అంటాడు. చివరి మంత్రంలో, పరమవ్యోమంలో ఉండి దీన్ని చూస్తున్న అధ్యక్షుడెవడో అతనికే తెలియాలి, "సో అంగ వేద యది వా న వేద", లేదా అతనికీ తెలియదేమో అని ముగిస్తాడు.

ఇది నాస్తికత్వం కాదు. వేదాన్ని తిరస్కరించినవాడి మాట కాదు, వేదంలోనే మంత్రంగా నిలిచిన మాట. సందేహానికి ఇంత గౌరవస్థానం దొరకడం నాకు ఈ సంప్రదాయంలో అన్నిటికంటే విలువైన విషయంగా తోస్తుంది.

తెలుగువాళ్ళకు ఇందులో ఇంకో సంతోషం ఉంది. "గహనం గభీరమ్" అన్న జంటమాటే సంస్కృత భాగవతం అష్టమస్కంధంలో, గజేంద్రుడి స్తుతిలో మళ్ళీ కనబడుతుంది: లోకాలన్నీ నశించినప్పుడు గహనమై గభీరమైన తమస్సు ఉండేది, దానికి అవతల వెలిగేవాడు విభుడు. పోతన దాన్ని తెలుగు చేశాడు:

లోకంబులు లోకేశులు
లోకస్థులుఁ దెగినఁ దుది నలోకంబగు పెం
జీఁకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్

చాలామంది పిల్లలప్పుడే బట్టీపట్టిన పద్యం. ఋగ్వేద ఋషి చూసిన చీకటే మడుగులో మొసలికి చిక్కిన ఏనుగు నోట "పెంజీకటి" అయింది. అదే ఘట్టంలో "కలఁడు కలండనెడివాఁడు గలఁడో లేఁడో" అని గజేంద్రుడు సందేహిస్తాడు కూడా. సందేహం, శరణాగతి ఒకే గొంతులో పలికాయి.

హిరణ్యగర్భుడు ఎవరు? బ్రహ్మాండం అనే మాట ఎక్కడిది?

"హిరణ్యగర్భః సమవర్తతాగ్రే" అని మొదలయ్యే సూక్తం (ఋగ్వేదం 10.121) అన్నిటికంటే ముందు బంగారు గర్భం ఉండేదని, అది పుడుతూనే ఉన్నవాటన్నిటికీ ఏకైక అధిపతి అయిందని చెబుతుంది. పది మంత్రాల్లో తొమ్మిది "కస్మై దేవాయ హవిషా విధేమ" అన్న ప్రశ్నతోనే ముగుస్తాయి: ఏ దేవుడికి మనం హవిస్సు ఇవ్వాలి? పదో మంత్రంలో గాని ప్రజాపతి పేరు రాదు.

గుడ్డు సంగతి ఛాందోగ్యోపనిషత్తులో వివరంగా ఉంది. గుడ్డు ఏర్పడి, ఒక సంవత్సరం అలాగే ఉండి, రెండుగా చీలింది. వెండిపెంకు భూమి అయింది, బంగారుపెంకు ఆకాశం అయింది. లోపలి పొరలు కొండలు, మేఘాలు, మంచు. నరాలు నదులు. లోపలి నీరు సముద్రం. అందులోంచి సూర్యుడు పుట్టగానే గొప్ప ఘోష లేచింది. పురాణాలు ఈ గుడ్డుకే పధ్నాలుగు లోకాల అంతస్తులు కట్టాయి: పైన భూలోకం నుంచి సత్యలోకం దాకా ఏడు, కింద అతలం నుంచి పాతాళం దాకా ఏడు. ఇలాంటి బ్రహ్మాండాలు ఒకటి కాదు, లెక్కలేనన్ని ఉన్నాయన్నది కూడా పౌరాణిక భావనే. లలితాసహస్రనామంలో అమ్మవారిని "అనేకకోటి బ్రహ్మాండ జనని" అని పిలుస్తాం కదా.

పురుషసూక్తం సృష్టి గురించి ఏం చెబుతుంది?

వేయి తలలు, వేయి కన్నులు, వేయి పాదాలు గల పురుషుణ్ణి దేవతలు యజ్ఞంలో హవిస్సుగా చేశారు. అతని మనస్సు నుంచి చంద్రుడు, కన్ను నుంచి సూర్యుడు, ప్రాణం నుంచి వాయువు, నాభి నుంచి అంతరిక్షం పుట్టాయి. నాలుగు వర్ణాలను ఆ శరీరంలోని అవయవాలతో ముడిపెట్టిన మంత్రం కూడా ఈ సూక్తంలోనిదే. సామాజిక చరిత్రలో దాని చుట్టూ తీవ్రమైన చర్చ జరిగింది, జరగాల్సిందే కూడా.

సృష్టి విషయంలో నేను గట్టిగా పట్టుకునేది మరో మంత్రం: "పాదోఽస్య విశ్వా భూతాని త్రిపాదస్యామృతం దివి". ఈ లోకమంతా అతనిలో ఒక పాలు మాత్రమే, మూడు పాళ్ళు మనకు అందని చోట ఉన్నాయి. కనబడే విశ్వం మొత్తం కలిపినా మూలంలో నాలుగో వంతే అన్నమాట.

శూన్యం నుంచి విశ్వం పుట్టిందని హిందూ ధర్మం నమ్ముతుందా?

ప్రధాన ధార ఒప్పుకోదు. ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుతో, "మొదట ఇదంతా సత్తుగానే ఉండేది, ఒక్కటే, రెండోది లేదు. కొందరు మొదట అసత్తు ఉండేదంటారు. లేనిదాంట్లోంచి ఉన్నది ఎలా పుడుతుంది నాయనా?" అంటాడు. ఆ సత్తు "నేను అనేకమవుతాను" అని సంకల్పించింది, తేజస్సును సృజించింది.

అదే అధ్యాయంలో మర్రిపండు ఘట్టం ఉంది. దాన్ని మాట మాటకూ ఆగి చదవాలి.

"మర్రిపండు ఒకటి తీసుకురా."
"ఇదిగో స్వామీ."
"పగలగొట్టు."
"పగలగొట్టాను."
"ఏం కనబడుతోంది?"
"చిన్న చిన్న గింజలు."
"వాటిలో ఒకదాన్ని పగలగొట్టు."
"పగలగొట్టాను."
"ఏం కనబడుతోంది?"
"ఏమీ లేదు స్వామీ."
"నీకు కనబడని ఆ సూక్ష్మం నుంచే ఇంత పెద్ద మర్రిచెట్టు నిలబడి ఉంది."

కొడుక్కి కనబడనిది ఉంది. కనబడకపోవడం, లేకపోవడం ఒకటి కాదని తండ్రి గింజతో నేర్పాడు. తైత్తిరీయంలో "అసద్వా ఇదమగ్ర ఆసీత్" అనే వాక్యం ఉన్నమాట నిజమే. అక్కడి అసత్తుకు భాష్యకారులు నామరూపాలు ఇంకా వ్యక్తం కాని స్థితి అనే అర్థం చెప్పారు.

పంచభూతాలు ఏ వరసలో పుట్టాయి?

తైత్తిరీయం చెప్పిన వరస ఇది: ఆత్మ నుంచి ఆకాశం, ఆకాశం నుంచి వాయువు, వాయువు నుంచి అగ్ని, అగ్ని నుంచి నీరు, నీటి నుంచి భూమి, భూమి నుంచి ఓషధులు, ఓషధుల నుంచి అన్నం, అన్నం నుంచి మనిషి. ఆకాశానికి శబ్దం ఒక్కటే గుణం. వాయువుకు స్పర్శ చేరుతుంది, అగ్నికి రూపం, నీటికి రుచి, భూమికి వాసన. సూక్ష్మం నుంచి స్థూలానికి దిగే మెట్లివి, ఒక్కో మెట్టుకు ఒక్కో ఇంద్రియానికి పని పెరుగుతుంది.

బ్రహ్మ, బ్రహ్మం ఒకటేనా?

కాదు. బ్రహ్మం వేదాంతం చెప్పే మూలతత్త్వం, పుట్టుక లేనిది. బ్రహ్మ పురాణాల్లోని సృష్టికర్త. ఆయనకు పుట్టుక ఉంది, ఆయుష్షు ఉంది, రాత్రి నిద్ర ఉంది. తామరలో కళ్ళు తెరిచిన బ్రహ్మకు తాను ఎక్కడినుంచి వచ్చాడో తెలియక, కాడ పట్టుకుని కిందికి దిగి వెతికి, మొదలు దొరక్క తిరిగొచ్చి తపస్సు చేశాడని భాగవతం చెబుతుంది. సృష్టికర్తకే మూలం దొరకలేదు. నాసదీయం చివరి మంత్రానికి పురాణం ఇచ్చిన కథారూపం ఇదేననిపిస్తుంది నాకు.

దేవుడి ప్రసక్తి లేకుండా సృష్టిని వివరించిన దర్శనాలు ఉన్నాయా?

ఉన్నాయి, అవీ ఆస్తిక దర్శనాలుగానే, అంటే వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకునేవిగానే లెక్కకు వస్తాయి.

ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికల్లో సృష్టికర్త లేడు. పురుషుడు, ప్రకృతి అని రెండు అనాది తత్త్వాలు. సత్త్వ రజస్ తమోగుణాలు సమంగా ఉన్నంతకాలం ప్రకృతి కదలదు. పురుషుడి సాన్నిధ్యంలో ఆ సమతూకం చెదిరితే మహత్తు అనే బుద్ధి, దాన్నుంచి అహంకారం, అహంకారం నుంచి ఒకవైపు మనస్సు, పది ఇంద్రియాలు, మరోవైపు అయిదు తన్మాత్రలు (శబ్దం, స్పర్శ లాంటి సూక్ష్మరూపాలు), వాటినుంచి పంచభూతాలు వస్తాయి. మొత్తం 25 తత్త్వాలు. పురాణాలు, భగవద్గీత, శైవాగమాలు అన్నీ ఈ చట్రాన్నే తీసుకుని తమ దేవుణ్ణి పైన నిలబెట్టుకున్నాయి. శైవులు 36 తత్త్వాల దాకా పెంచారు. సాంఖ్యం తెలియకుండా పురాణాల సృష్టిప్రకరణం చదివితే సగం మాటలు అర్థం కావు.

కణాదుడి వైశేషికం పరమాణువులతో మొదలవుతుంది. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం. కిటికీలోంచి ఎండ పడినప్పుడు ఆ వెలుగుబాటలో తేలాడే ధూళికణమే కంటికి కనబడే అతి చిన్న వస్తువు, అదే త్ర్యణుకం అన్నారు. పరమాణువులు నిత్యం, వాటి కలయికలే పుట్టి చెదిరిపోతాయి. ఈ కలయికకు ఈశ్వరేచ్ఛ కావాలని తరవాతివాళ్ళు చేర్చారు. ఉదయనాచార్యుడు ఈశ్వరుణ్ణి తర్కంతో నిరూపించబూనింది ఈ దారిలోనే.

వేదవాక్యాలకు, యజ్ఞకర్మకు అర్థం చెప్పే మీమాంసకులు ఇంకా కఠినం. కుమారిలభట్టు సృష్టివాదాన్నే ప్రశ్నించాడు. ఏమీ లేనప్పుడు ప్రజాపతి ఎక్కడ ఉన్నాడు? శరీరం లేనివాడికి సృజించాలనే కోరిక ఎలా కలిగింది? అప్పుడు చూసి తరవాతివాళ్ళకు చెప్పినవాడెవడు? లోకం ఎప్పుడూ ఇలాగే ఉందని ఆయన పక్షం. వేదాన్ని ప్రాణంగా భావించిన మనిషే ఇలా వాదించాడని గుర్తుంచుకోవాలి.

అద్వైతం ప్రకారం లోకం అసలు పుట్టనే లేదా?

బ్రహ్మమే సత్యం, లోకం దానిమీద మాయవల్ల తోచేది అని శంకరుల మతం. మసకవెలుతురులో తాడు పాముగా కనబడితే తాడు నిజంగా పాముగా మారలేదు, అలాగే బ్రహ్మం లోకంగా మారలేదు. దీన్ని వివర్తవాదం అంటారు. అయితే తెలివి కలిగేదాకా వ్యవహారంలో లోకం లోకమే, దాని నియమాలు నియమాలే. గౌడపాదులు మాత్రం ఏదీ పుట్టనే లేదన్న అజాతివాదం దాకా వెళ్ళారు.

రామానుజాచార్యులు దీన్ని ఒప్పుకోలేదు. చేతనాచేతనాలు భగవంతుడి శరీరం. ప్రళయంలో సూక్ష్మంగా ఉన్న ఆ శరీరమే సృష్టిలో స్థూలమవుతుంది, అది పూర్తిగా సత్యం. మధ్వాచార్యులకు దేవుడు వేరు, జీవులు వేరు, జగత్తు వేరు, అన్నీ సత్యాలే. దేవుడు లోకాన్ని చేసే నిమిత్తకారణమే గాని, అది తయారయ్యే ముడిపదార్థం, అంటే ఉపాదానం కాడు.

ఏ కొరతా లేని దేవుడు లోకాన్ని ఎందుకు సృష్టించాడు?

ఈ ఆక్షేపణను బ్రహ్మసూత్రాలే లేవదీశాయి. జవాబు: "లోకవత్తు లీలాకైవల్యమ్". కోరికలన్నీ తీరిన రాజు ఏ ప్రయోజనమూ ఆశించకుండా ఆడుకున్నట్టు, ఊపిరి తనంతట తాను ఆడుతున్నట్టు అని శంకరులు వివరించారు.

వెంటనే ఇంకా పదునైన ప్రశ్న వస్తుంది: లీల అయితే ఒకడికి సుఖం, ఒకడికి దుఃఖం ఎందుకు? ఈశ్వరుడు పక్షపాతా, నిర్దయుడా? జీవుల కర్మను బట్టే ఈ తేడా అని సూత్రకారుడు అంటాడు. వాన అన్ని గింజలకూ ఒకటే, వరి వరిగా, యవలు యవలుగా మొలవడం గింజను బట్టి అని శంకరుల భాష్యం. మరి మొదటి సృష్టికి ముందు కర్మ ఎక్కడిది? సంసారం అనాది, మొదటి సృష్టి అనేదే లేదు. దుఃఖంలో ఉన్నవాడికి ఈ జవాబు ఊరటనిస్తుందా అన్నది వేరే సంగతి, తర్కం వరకు ఇక్కడ తెగిపోయిన చోటు లేదు.

అంటే సృష్టి మళ్ళీ మళ్ళీ జరుగుతుందా?

అవును. ఈ సంప్రదాయపు వెన్నెముక ఇదే. ఋగ్వేదం పదో మండలంలో 190వ సూక్తం మూడు మంత్రాలది. స్నానవిధిలో, సంధ్యావందనంలో అఘమర్షణంగా, అంటే పాపాన్ని పోగొట్టే మంత్రంగా దాన్ని చదువుతారు. "సూర్యాచంద్రమసౌ ధాతా యథాపూర్వమకల్పయత్": ధాత సూర్యచంద్రులను మునుపటిలాగే కల్పించాడు. "యథాపూర్వం" అన్న ఆ ఒక్క పదం మీద ఎంతో వేదాంతం నిలబడింది. గీత ఎనిమిదో అధ్యాయంలోనూ ఇదే ఉంది: బ్రహ్మకు పగలు రాగానే భూతాలన్నీ అవ్యక్తం నుంచి బయటికి వస్తాయి, రాత్రి రాగానే మళ్ళీ అందులోనే కలిసిపోతాయి.

యుగాలు, మన్వంతరాలు, కల్పాలు: లెక్క ఏమిటి?

కృతయుగం 17,28,000 ఏళ్ళు, త్రేత 12,96,000, ద్వాపరం 8,64,000, కలి 4,32,000. నాలుగూ కలిపి 43,20,000 ఏళ్ళు, ఒక మహాయుగం. అలాంటివి 71 అయితే ఒక మన్వంతరం, అంటే ఒక మనువు కాలం. పధ్నాలుగు మన్వంతరాలకు 994 మహాయుగాలు. ముందూ వెనకా మధ్యలోనూ కృతయుగమంత నిడివిగల 15 సంధులు వస్తాయి, వాటి మొత్తం సరిగ్గా 6 మహాయుగాలు. అన్నీ కలిసి వెయ్యి మహాయుగాలు, 432 కోట్ల ఏళ్ళు: బ్రహ్మకు ఒక పగలు, అదే కల్పం. రాత్రీ అంతే. ఇలాంటి రేయింబవళ్ళు 360 అయితే ఆయనకు ఒక సంవత్సరం, నూరు సంవత్సరాలు ఆయుష్షు. మన లెక్కలో అది 3,11,04,000 కోట్ల ఏళ్ళు.

పూజకు ముందు చెప్పే సంకల్పం ఈ మహాకాలంలో మన చిరునామా: "ఆద్యబ్రహ్మణః ద్వితీయపరార్ధే, శ్వేతవరాహకల్పే, వైవస్వతమన్వంతరే, కలియుగే, ప్రథమపాదే". అంటే బ్రహ్మకు యాభై ఏళ్ళు నిండాయి, యాభై ఒకటో ఏడు మొదటి రోజులో ఉన్నాం. ఆరుగురు మనువుల కాలం గడిచింది, ఏడో మనువు వైవస్వతుడి కాలంలో 28వ మహాయుగం నడుస్తోంది. కలి ప్రవేశం క్రీ.పూ. 3102లో అని జ్యోతిష్కుల లెక్క. అన్నీ కూడితే ఈ కల్పం మొదలై సుమారు 197 కోట్ల 29 లక్షల ఏళ్ళయింది. ఇంతటి కాలాన్ని చెప్పి, చివరికి ఆ రోజు తిథి, వారం, మన గోత్రం, పేరు చెప్పుకుంటాం. పురోహితుడు గబగబా చదివేస్తుంటే మనం గమనించం గాని, ఇంత పొడవైన తేదీ వేసి పని మొదలుపెట్టే అలవాటు మరెక్కడైనా ఉందా అనిపిస్తుంది.

మనువుల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ప్రవరుడు, వరూధిని కథ తెలుగువాళ్ళకు కొత్త కాదు. పెద్దన కావ్యం పేరు మనుచరిత్ర కావడానికి కారణం అది రెండో మనువైన స్వారోచిషుడి పుట్టుకకు దారితీసిన కథ కావడమే.

ఈ లెక్కలు అందరూ ఒప్పుకున్నారా?

లేదు. ఆర్యభటుడు నాలుగు యుగాలూ సమానమన్నాడు, ఒక్కోటి 10,80,000 ఏళ్ళు. మన్వంతరానికి 72 మహాయుగాలు, కల్పానికి 1008 అని ఆయన లెక్క. స్మృతులు చెప్పినదానికి ఇది విరుద్ధమని బ్రహ్మగుప్తుడు తప్పుపట్టాడు. సూర్యసిద్ధాంతం, గ్రహనక్షత్రాలతో సహా లోకాన్ని సృష్టించడానికే బ్రహ్మకు 1,70,64,000 ఏళ్ళు పట్టిందని ఆ మేరకు తీసివేసి లెక్క కడుతుంది.

కలియుగం అయిపోతే ప్రళయం వస్తుందా?

రాదు. కలి తరవాత మళ్ళీ కృతయుగం వస్తుంది. కలియుగంలో ఇంకా నాలుగు లక్షల ఏళ్ళకు పైగా మిగిలి ఉంది కూడా. ఫలానా తేదీన యుగాంతం అని చెప్పేవాళ్ళ మాటకు ఏ పురాణంలోనూ ఆధారం లేదు.

పురాణాలు ప్రళయాన్ని నాలుగు రకాలుగా చెబుతాయి. ప్రాణులు రోజూ పోతూ ఉండటం నిత్యం. బ్రహ్మకు రాత్రి అయినప్పుడు జరిగేది నైమిత్తికం: నూరేళ్ళ అనావృష్టి, సూర్యకిరణాలు నీటినంతా పీల్చేయడం, మూడు లోకాలూ కాలిపోవడం, ఆపైన నూరేళ్ళకు మించిన వాన, చివరికి అంతా ఒకే సముద్రం. బ్రహ్మ ఆయుష్షు తీరినప్పుడు ప్రాకృతం: భూమి తన వాసనను పోగొట్టుకుని నీటిలో, నీరు రుచిని పోగొట్టుకుని అగ్నిలో, అగ్ని రూపాన్ని పోగొట్టుకుని వాయువులో, వాయువు స్పర్శను పోగొట్టుకుని ఆకాశంలో కలుస్తాయి. సృష్టి దిగొచ్చిన మెట్లే వెనక్కి ఎక్కడం. నాలుగోది ఆత్యంతికం, అంటే ఒక జీవుడికి కలిగే మోక్షం. ఒక మనిషి తెలివిని పొందడాన్ని ప్రళయాల జాబితాలో చేర్చిన ధైర్యం నాకు చాలా ఇష్టం.

సృష్టికి మూలం విష్ణువా, శివుడా, అమ్మవారా?

ఏ పురాణం చదివితే ఆ దేవత. విష్ణుపురాణంలో విష్ణువు. శైవపురాణాల్లో బ్రహ్మవిష్ణువులు ఆద్యంతాలు కనుక్కోలేకపోయిన అగ్నిస్తంభం శివుడు. శాక్తంలో లలితాసహస్రనామం "ఉన్మేషనిమిషోత్పన్నవిపన్నభువనావళిః" అంటుంది: అమ్మ కళ్ళు తెరిస్తే లోకాల వరసలు పుడతాయి, మూస్తే పోతాయి. పేరు మారుతుంది, తత్త్వాల వరస దాదాపు మారదు.

మహావిస్ఫోటం (బిగ్ బ్యాంగ్) మన గ్రంథాల్లో ముందే ఉందంటారు, నిజమేనా?

కాదు, ఆ మాట చెప్పడం మన గ్రంథాలకూ మేలు చేయదు. నేటి ఖగోళశాస్త్రం విశ్వం వయసు దాదాపు 1380 కోట్ల ఏళ్ళనీ, భూమి వయసు 454 కోట్ల ఏళ్ళనీ చెబుతోంది. దూరాల, కాంతుల, రేడియోధార్మికతల కొలతల మీద కట్టిన లెక్క అది. కల్పం 432 కోట్లు కదా, భూమి వయసుకు దగ్గరగా ఉందే అంటారు. కానీ 432 కోట్లు కల్పం మొత్తం నిడివి, గడిచిన కాలం కాదు. పురాణాల లెక్కలో గడిచింది 197 కోట్లే. పైగా 432 కోట్లు అనేది 12,000 దివ్యవర్షాలను (దేవతల ఏళ్ళను) 360తో, ఆపైన వెయ్యితో హెచ్చవేస్తే వచ్చే సంఖ్య. హిరణ్యగర్భం కూడా మహావిస్ఫోటానికి మారుపేరు కాదు, అది యజ్ఞం చేసే మనిషి వేసిన ప్రశ్న.

కోట్ల ఏళ్ళలో ఆలోచించే సాహసం మాత్రం ఇక్కడ నిజంగా ఉంది. కార్ల్ సాగన్ లాంటి శాస్త్రవేత్త దాన్ని మెచ్చుకున్నది అందుకే. భారత ప్రభుత్వం ఇచ్చిన నటరాజ విగ్రహం 2004 నుంచి జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల ఆవరణలో ఉంది. సృష్టిలయల నాట్యాన్ని కణాల కదలికతో పోల్చుకునే కవితాదృష్టికి అది గుర్తు. దాన్ని రుజువుగా చూపకూడదు.

దశావతారాలు జీవపరిణామ సిద్ధాంతమేనా?

చేప, తాబేలు, వరాహం, నరసింహం అన్న వరస చూసి ఆధునిక కాలంలో అల్లిన పోలిక అది. అవతారాలు ధర్మరక్షణ కోసం. ఒకదాన్నుంచి మరొకటి పుట్టిందని ఏ పురాణమూ చెప్పదు.

వీటిని స్వయంగా చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నాసదీయంతో మొదలుపెట్టండి. ఏడు మంత్రాలే కాబట్టి మూలాన్ని, ప్రతిపదార్థాన్ని పక్కపక్కన పెట్టుకుని ఒక్క కూర్చోవడంలో చదవొచ్చు. తరవాత ఛాందోగ్యం ఆరో అధ్యాయం, తైత్తిరీయంలో ఆనందవల్లి. ఇవి పూర్తయ్యాక గీత ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలు తేలిగ్గా అర్థమవుతాయి. పురాణాల పద్ధతి తెలియాలంటే విష్ణుపురాణం మొదటి అంశ చాలు. సాంఖ్యకారికలు డెబ్భై చిల్లర శ్లోకాలే గాని, వ్యాఖ్యానం లేకుండా ముట్టుకోవద్దు. సంస్కృతం బొత్తిగా రానివాళ్ళు పోతన గజేంద్రమోక్షం తీసి "ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపలనుండు లీనమై" దగ్గర ఆరంభించినా సరిపోతుంది. ఆ పద్యంలో "ఎవ్వడు" ఎన్నిసార్లు వస్తుందో చూడండి.